మెయిల్స్ వస్తున్నయి గానీ పోతలేవా? ఎక్కడ ఆగిందో ముందు పట్టుకోండి

మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసులైనా, నల్లగొండలో ఆడిటర్ల ఆఫీసులైనా, కంప్యూటర్ రిపేర్ చేసేవాళ్లకు అక్కడి నుంచి ఫోన్ వచ్చిందంటే చాలాసార్లు మాట ఇదే: "అన్నా, మెయిల్స్ వస్తున్నయి గానీ పోతలేవు." జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్న్) వేయాల్సిన 11వ తేదీ దగ్గర పడితే దానికి టెన్షన్ కూడా తోడు. ఆ టెన్షన్‌లో అకౌంట్ డిలీట్ కొట్టి మళ్లీ యాడ్ చేస్తుంటారు చాలామంది. దయచేసి ఆ పని మాత్రం ముందే చేయకండి. మీది పాప్ పద్ధతిలో (మెయిల్స్‌ను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) పెట్టిన అకౌంట్ అయితే పాత మెయిల్స్ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉండొచ్చు. అవుట్‌లుక్ లాగానే కంప్యూటర్‌లో మెయిల్స్ చూసే థండర్‌బర్డ్ అనే ప్రోగ్రామ్‌లో అకౌంట్ తీసేసేటప్పుడు మెసేజ్ డేటా కూడా తీసేయాలా అని ఒక గడి చూపిస్తుంది, హడావుడిలో అక్కడ టిక్ పెట్టారంటే ఏళ్లుగా దాచుకున్న ఆర్డర్లు, బిల్లులు అన్నీ పోతాయి.

అసలు సంగతి ఏంటంటే, మెయిల్ వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. తెచ్చుకోవడానికి ఐమ్యాప్ (మెయిల్స్‌ను సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి) అయితే 993 పోర్టు, అంటే సర్వర్‌కు ఆ నంబరున్న తలుపు, పాప్ అయితే 995. పంపడానికి ఎస్‌ఎమ్‌టీపీ అనే ఇంకో సర్వర్, దానికి 587 లేదా 465. పేరు, పాస్‌వర్డ్ ఈ రెండింటికీ ప్రోగ్రామ్ విడివిడిగా దాచుకుంటుంది. అందుకే "మెయిల్స్ వస్తున్నయి కదా, అంటే పాస్‌వర్డ్ కరెక్టే కదా" అనే లెక్క ఇక్కడ కుదరదు.

ఏ సెట్టింగ్ ముట్టుకునే ముందు బ్రౌజర్‌లో అదే అకౌంట్ తెరిచి మీకు మీరే ఒక మెయిల్, వేరే అడ్రస్‌కు ఒక మెయిల్ పంపి చూడండి. అక్కడి నుంచి పోతే అకౌంట్ బాగానే ఉంది, తప్పు మీ ప్రోగ్రామ్‌లోనో నెట్‌లోనో ఉంది. అక్కడ కూడా పోకపోతే థండర్‌బర్డ్‌నీ అవుట్‌లుక్‌నీ అంటే లాభం లేదు. జీమెయిల్‌లో ఉచితంగా వచ్చే 15 జీబీ నిండిపోయి ఉండొచ్చు (డ్రైవ్, ఫొటోలు కూడా అందులోకే వస్తాయి), రోజుకు పంపగలిగే మెయిల్స్ లిమిట్ దాటి ఉండొచ్చు, లేదా ఎవరో మీ పాస్‌వర్డ్ కొట్టేసి స్పామ్ పంపుతుంటే అకౌంట్‌ను ఆపేసి ఉండొచ్చు. మీరు పంపని మెయిల్స్ గురించి "డెలివరీ ఫెయిల్డ్" అంటూ కుప్పలుగా వస్తున్నాయంటే ఆ చివరిదాన్నే ముందు అనుమానించండి. వైరస్ లేదని నమ్మకమున్న వేరే కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో పాస్‌వర్డ్ మార్చండి.

"అవుట్‌బాక్స్‌లనే కూసుంది, ఎర్రరేం రాలే"

ఇది చాలావరకు చిన్న సమస్యే. ప్రోగ్రామ్ ఆఫ్‌లైన్‌లో ఉంటుంది, ఎప్పుడో పొరపాటున నొక్కి ఉంటారు. అవుట్‌లుక్‌లో సెండ్/రిసీవ్ ట్యాబ్‌లో వర్క్ ఆఫ్‌లైన్ బటన్ చూడండి, ఆన్‌లో ఉంటే దాని రంగు మిగతా బటన్ల కన్నా ముదురుగా కనిపిస్తుంది, కింది పట్టీలో కూడా వర్కింగ్ ఆఫ్‌లైన్ అని రాసి ఉంటుంది. థండర్‌బర్డ్‌లో అయితే కింద ఎడమ మూలన చిన్న గుర్తు ఉంటుంది, దాని మీద ఒకసారి నొక్కితే ఆన్‌లైన్‌లోకి వస్తుంది. తర్వాత ఫైల్ మెనూలో సెండ్ అన్‌సెంట్ మెసేజెస్ కొట్టండి.

పాత తరహా అవుట్‌లుక్‌లో ఇంకో తిరకాసు ఉంది. అవుట్‌బాక్స్‌లో పంపడానికి వరుసలో ఉన్న మెయిల్ పేరు వాలు అక్షరాల్లో కనిపిస్తుంది. "ఎందుకు పోలేదబ్బా" అని దాన్ని తెరిచి చూసి మూసేశారనుకోండి, అక్షరాలు నిటారుగా మారతాయి. అంటే అది వరుసలోంచి బయటికి వచ్చేసింది, రేపటిదాకా ఎదురుచూసినా కదలదు. మళ్లీ తెరిచి సెండ్ నొక్కాల్సిందే. పెద్ద అటాచ్‌మెంట్ ఉన్న మెయిల్ ఒకటి ముందు ఇరుక్కుని వెనకున్నవాటిని కూడా ఆపేస్తుంటే, ముందు వర్క్ ఆఫ్‌లైన్ నొక్కి, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిచి, ఆ మెయిల్‌ను డ్రాఫ్ట్స్‌లోకి లాగేసి, అప్పుడు ఆన్‌లైన్‌కు రండి.

"పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్న, మళ్ల మళ్ల అడుగుతుంది"

ఎర్రర్‌లో 535 అనే అంకె కనిపిస్తే ఇదే కేసు. సర్వర్ దొరికింది, మాట్లాడింది, కానీ మిమ్మల్ని నమ్మలేదు. పాస్‌వర్డ్ మీరు సరిగ్గానే కొట్టి ఉండొచ్చు, ఆ తరహా పాస్‌వర్డ్‌ను తీసుకోవడమే సర్వర్ మానేసి ఉండొచ్చు. మామూలు జీమెయిల్ అకౌంట్లకు పేరు, పాస్‌వర్డ్ మాత్రమే ఇచ్చి వేరే ప్రోగ్రామ్ నుంచి లాగిన్ అయ్యే పద్ధతిని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. అవుట్‌లుక్ డాట్ కామ్, హాట్‌మెయిల్ లాంటి సొంత అకౌంట్లకు మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్ 16న అదే పని చేసింది. "నిన్నటిదాక నడిచింది సార్" అంటారు, నిజమే, నడిచింది.

థండర్‌బర్డ్ వాడేవాళ్లకు ఇది సులువు. అకౌంట్ సెట్టింగ్స్‌లో అన్నిటికంటే కింద అవుట్‌గోయింగ్ సర్వర్ అని ఉంటుంది. అందులో మీ సర్వర్‌ను ఎంచుకుని ఎడిట్ కొట్టి, అథెంటికేషన్ మెథడ్ దగ్గర నార్మల్ పాస్‌వర్డ్ తీసేసి ఓఆథ్2 (పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్‌లో దాచకుండా మెయిల్ కంపెనీ పేజీలోనే లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టండి. మళ్లీ మెయిల్ పంపితే గూగుల్ లాగిన్ కిటికీ తెరుచుకుంటుంది. అది తెరుచుకోకుండా తెల్లగా ఉండిపోతే థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద కుకీలు ఆపేసి ఉన్నాయేమో చూసి ఆన్ చేయండి. వచ్చే మెయిల్స్‌కు మాత్రం ఓఆథ్2 మార్చి, పోయేదానికి మార్చడం మర్చిపోయిన సెట్లు చాలా కనిపిస్తాయి, "వస్తున్నయి గానీ పోతలేవు" అనేదానికి అసలైన నమూనా అదే.

అవుట్‌లుక్ 2010, 2013 లాంటి పాతవాటికి జీమెయిల్‌తో ఓఆథ్2 రాదు. వాటికి యాప్ పాస్‌వర్డ్ కావాలి. గూగుల్ అకౌంట్‌లో రెండంచెల వెరిఫికేషన్ ఆన్ చేస్తే 16 అక్షరాల పాస్‌వర్డ్ ఒకటి తయారు చేసుకోవచ్చు, నాలుగేసి అక్షరాల చొప్పున విడగొట్టి చూపిస్తుంది. దాన్ని మామూలు పాస్‌వర్డ్ స్థానంలో ఇవ్వాలి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: గూగుల్ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ మీరు మార్చిన రోజున ఈ యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. ఇంట్లో కొడుకు ఫోన్‌లో నాన్న జీమెయిల్ పాస్‌వర్డ్ మారుస్తాడు, ఫోన్ బాగానే నడుస్తుంది, మిల్లులో మాత్రం మెయిల్ ఆగిపోతుంది, ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. మళ్లీ కొత్త యాప్ పాస్‌వర్డ్ చేసుకుంటే సరి. పాత అవుట్‌లుక్‌లో హాట్‌మెయిల్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఈ దారి కూడా మూసుకుపోయింది, థండర్‌బర్డ్‌కు మారడమే నయం.

మిల్లు పేరు మీదో షాపు పేరు మీదో సొంత డొమైన్ మెయిల్ ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. యూజర్ నేమ్ దగ్గర పేరొక్కటే కాకుండా పూర్తి మెయిల్ అడ్రస్ ఇవ్వాల్సి ఉంటుంది చాలా హోస్టింగుల్లో (మీ మెయిల్‌కు, వెబ్‌సైట్‌కు సర్వర్ ఇచ్చే కంపెనీలు). అవుట్‌లుక్‌లో అయితే మోర్ సెట్టింగ్స్, అవుట్‌గోయింగ్ సర్వర్ ట్యాబ్‌లో "నా సర్వర్‌కు అథెంటికేషన్ కావాలి" అనే గడిలో టిక్ ఉందో లేదో చూడండి. ఆ ఒక్క టిక్ లేకపోతే "రిలే డినైడ్" (మీ మెయిల్ ముందుకు పంపను) అంటూ 550 లేదా 554 వస్తుంది, కొందరైతే డొమైనే పాడైపోయిందని భయపడతారు.

"టైమ్ అవుట్ అంటుంది, సర్వర్ దొరుకుతలేదంట"

ఇక్కడ పాస్‌వర్డ్‌తో పని లేదు, మీ మాట సర్వర్ దాకా పోనేలేదు. సర్వర్ పేరులో ఒక అక్షరం తేడా ఉందేమో, పోర్టు పాత 25 మీదే ఉందేమో చూడండి. 25 అసలు సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే పోర్టు, స్పామ్ భయంతో చాలా నెట్ కనెక్షన్లలో దాన్ని మూసేస్తారు. 587 పెట్టి సెక్యూరిటీ దగ్గర స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోండి, లేదా 465 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ ఎంచుకోండి. ఈ జతలు తారుమారైతే కూడా టైమ్ అవుటే వస్తుంది, అదో విచిత్రం.

పేరు, పోర్టు సరిగ్గానే ఉన్నాయా? అయితే ఆఫీసు వైఫై తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఒక మెయిల్ పంపండి. పోయిందంటే రూటర్‌లోనో నెట్ కంపెనీ దగ్గరో అడ్డు ఉంది, వాళ్లను అడగండి. పోలేదంటే అనుమానం యాంటీవైరస్ మీదికి మళ్లుతుంది. అందులో మెయిల్ స్కానింగ్ అనో మెయిల్ షీల్డ్ అనో ఒక భాగం ఉంటుంది, పోయే మెయిల్‌ను మధ్యలో ఆపి చూసే పని దానిది, అది గాడి తప్పితే మెయిల్ అక్కడే చిక్కుకుంటుంది. మొత్తం యాంటీవైరస్ తీసేయనక్కర్లేదు, ఆ ఒక్క భాగం ఆపి చూడండి చాలు.

సర్వర్ పేరే దొరకడం లేదంటూ మెయిల్స్ రావడం కూడా ఆగిపోతే, వెబ్‌సైట్ కూడా తెరుచుకోకపోతే, డొమైన్ రెన్యూవల్ డబ్బు కట్టారో లేదో ముందు కనుక్కోండి. ఎప్పుడో వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడి మెయిల్‌కు రిమైండర్లు పోతుంటాయి, అతను హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి ఉంటాడు.

సర్టిఫికెట్ (సర్వర్ అసలైనదేనని చూపే గుర్తింపు పత్రం) సరిగా లేదని అరుస్తుంటే

ముందు టాస్క్‌బార్‌లో తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆ తేదీ ప్రకారం సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి ప్రోగ్రామ్ నమ్మదు. తేదీ సరిచేస్తే అప్పటికి నడుస్తుంది, మళ్లీ కరెంటు పోతే మళ్లీ అదే కథ. సీఆర్ 2032 అని అడగండి, నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు పోతే వాచీల షాపులో కూడా దొరుకుతుంది.

తేదీ కరెక్టే అయితే, సొంత డొమైన్‌వాళ్లకు సర్వర్ పేరు తేడా వల్ల ఇది వస్తుంది. సర్టిఫికెట్ హోస్టింగ్ సర్వర్ పేరు మీద ఉంటుంది, మీరు మీ డొమైన్ పేరు ఇచ్చి ఉంటారు. హోస్టింగ్ వాళ్లు చెప్పిన అసలు సర్వర్ పేరు ఇవ్వండి. హెచ్చరికను పక్కకు నెట్టి ముందుకు పోయే అలవాటు మంచిది కాదు.

విండోస్ 7 ఇంకా వాడుతున్న ఆఫీసులు మన దగ్గర తక్కువేం లేవు. దాంట్లో అవుట్‌లుక్ పాత టీఎల్‌ఎస్‌తోనే (దారిలో ఎవరూ చదవకుండా మెయిల్‌ను కాపాడే పద్ధతి) మాట్లాడుతుంది, సర్వర్లు ఇప్పుడు టీఎల్‌ఎస్ 1.2 అడుగుతున్నాయి. దానికి మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇచ్చింది గానీ, విండోస్ 7కు సపోర్టే 2020 జనవరి 14న అయిపోయింది. థండర్‌బర్డ్ కూడా విండోస్ 7కు 115తోనే ఆగిపోయింది. ఆ కంప్యూటర్‌కు ఇంకా ఖర్చు పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది.

"పోయింది, మళ్ల తిరిగొచ్చింది"

తిరిగొచ్చిన మెయిల్‌ను డిలీట్ కొట్టకుండా చదవండి, కారణం అందులోనే రాసి ఉంటుంది. 5.1.1 అంటే అవతలి అడ్రస్ లేదు. జీమెయిల్ స్పెల్లింగ్‌లో అక్షరాలు అటూ ఇటూ అయి ఉండొచ్చు, చివర చుక్క పడి ఉండొచ్చు. అవుట్‌లుక్ పాత అడ్రస్‌ను గుర్తుపెట్టుకుని అదే చూపిస్తుంటే, ఆ పేరు పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయండి. థండర్‌బర్డ్‌లో ఇరవై మందికి పంపే మెయిల్‌లో ఒక్క అడ్రస్‌ను సర్వర్ కాదన్నా మిగతా పందొమ్మిది మందికి కూడా పోకుండా ఆగుతుంది, అప్పుడు ఎర్రర్‌లో కనిపించే అడ్రస్ ఒక్కటి సరిచేస్తే చాలు.

552 అంటే సైజు ఎక్కువైంది. కాంటా చీటీలు, లారీ రసీదులు 600 డీపీఐలో (స్కాన్ ఎంత వివరంగా రావాలో చెప్పే అంకె) కలర్‌లో స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా పెడితే అంతే మరి. అటాచ్‌మెంట్ దారిలో అక్షరాలుగా మారి మూడో వంతు పెరుగుతుంది, 18 ఎంబీ ఫైల్ సర్వర్ దగ్గరికి చేరేసరికి 24 దాటుతుంది. చీటీలకు 200 డీపీఐ, బ్లాక్ అండ్ వైట్ సరిపోతుంది.

5.7.26 అని గూగుల్ నుంచి తిరిగొస్తే మీ ప్రోగ్రామ్‌లో ఏ తప్పూ లేదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు పంపే డొమైన్లకు ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని రుజువు చేసే ఏర్పాట్లు) ఉండాలని గూగుల్ అడుగుతోంది. అది డొమైన్ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేరుకు సంబంధించిన సర్వర్ వివరాలుండే చోటు) పెట్టాలి, హోస్టింగ్ వాళ్ల పని. 553 వచ్చి "ఈ అడ్రస్ మీది కాదు" అన్నట్టు ఉంటే, ఒకే థండర్‌బర్డ్‌లో రెండు మూడు అకౌంట్లున్నప్పుడు ఒకదాని మెయిల్ ఇంకోదాని సర్వర్ నుంచి పోతోందని అర్థం. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆ అకౌంట్ పేరు మీద నొక్కి, కింద దానికి చెందిన అవుట్‌గోయింగ్ సర్వర్‌ను ఎంచుకోండి.

అవతలివాళ్లకు మూడుసార్లు పోతుంటే

థండర్‌బర్డ్ మెయిల్ పంపేశాక దాని కాపీని సెంట్ ఫోల్డర్‌లో పెట్టబోతుంది, అక్కడ తడబడితే ఎర్రర్ చూపిస్తుంది. మెయిల్ అప్పటికే చేరిపోయింది. పోలేదనుకుని మళ్లీ సెండ్, మళ్లీ సెండ్ కొడతారు, అవతల వ్యాపారి "ఒక్క లోడుకే కదా చెప్పింది, మూడు ఆర్డర్లు పంపినవేంది" అని ఫోన్ చేస్తాడు. ఎర్రర్‌లో సెంట్ అనో కాపీ అనో మాట ఉంటే ఇక సెండ్ జోలికి పోకండి, బ్రౌజర్‌లో సెంట్ తెరిచి చూడండి. జీమెయిల్ తన కాపీ తానే పెట్టుకుంటుంది కాబట్టి, ఆ అకౌంట్‌కు కాపీస్ అండ్ ఫోల్డర్స్‌లో "ప్లేస్ ఎ కాపీ ఇన్" టిక్ తీసేయండి.