ముఖానికి పసుపు: ఎంత, ఎప్పుడు, ఎలా

పసుపుకు ఆ రంగునిచ్చేది కర్కుమిన్. ముఖానికి రాసుకునే పల్చటి ద్రవం, అంటే సీరమ్, సీసాల మీద యాంటీఆక్సిడెంట్ (ఆక్సీకరణ నష్టాన్ని తగ్గించేది) అని రాసేదీ దాన్ని చూసే. ఎండు కొమ్ములో అది సుమారు 2 నుంచి 5 శాతమే ఉంటుంది. నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కొంత కరుగుతుంది. వెలుగు తగిలితే విరిగిపోతుంది. చీర మీద పడ్డ పసుపు మరక ఎండలో వెలిసిపోయేది అందుకే. క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, సబ్బు పడగానే మరక ఎర్రగా తేలడమూ అదే లెక్క.

వెలుగుకు విరిగిపోతుంది కాబట్టి పసుపు పూత సాయంత్రం వేసుకోండి. శనగపిండి 2 టీస్పూన్లు, పసుపు పావు టీస్పూను, ముద్ద కావడానికి సరిపడా పెరుగు. మొటిమలు లేని పొడి చర్మమైతే అర టీస్పూను నువ్వుల నూనె కూడా. 10 నిమిషాలు చాలు. బిగుసుకుపోయే దాకా ఉంచి గట్టిగా రుద్దితే చర్మం గీరుకుపోతుంది. తడిచేత్తో మెత్తబరిచి కడగాలి. పచ్చదనం మిగిలితే సబ్బు జోలికి పోకండి, దూది మీద రెండు చుక్కల నూనె వేసి తుడిస్తే వస్తుంది. పసుపు ఎక్కువేస్తే గుణం ఎక్కువనుకుంటారు గానీ, పెరిగేది మరకే.

నిమ్మరసం మాత్రం కలపొద్దు. చర్మం చురచురలాడుతుంది, నిమ్మజాతి రసం అంటిన చోట ఎండ పడితే బొబ్బలు, ఆపై నల్లమచ్చలు రావచ్చు. వంటసోడా క్షారం, అదీ వద్దు.

మొదటిసారైతే ఈ పూతను మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. అలర్జీ బయటపడటానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు కాబట్టి పది నిమిషాల పరీక్ష ఎందుకూ పనికిరాదు. బొట్టు పెట్టుకునే చోట దురద, నల్లబడటం ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. అది కుంకుమలో కలిపిన రంగుల పని కావచ్చు, కానీ పసుపే పడనివాళ్లూ ఉన్నారు.

పొడి కన్నా కొమ్ములు కొని మరలో పొడి పట్టించుకోవడం మేలు. మరీ నిగనిగలాడే కొమ్ముల్ని వదిలేయండి, మెరుపు కోసం సీసం ఉన్న లెడ్ క్రోమేట్ పూసే మోసం ఉంది.

సీరమ్ కొంటే వెలుగు చొరబడని సీసాలో ఉన్నది చూడండి. లేబుల్ మీద టెట్రాహైడ్రోకర్కుమిన్ (కర్కుమిన్ నుంచి తయారుచేసేది) అని ఉంటే రంగు దాదాపు ఉండదు, దిండు గలీబుకు అంటదు. ఏది రాసినా పగలు సన్‌స్క్రీన్ మానకూడదు.