ఆరో వారం టీకాకి ముందు పసిపిల్ల పొట్టని ఎలా చూసుకోవాలి

మా రాజాం సైడు టీకా రోజంటే సూదికి పిల్ల ఏడుస్తాదనే భయం తప్ప, ఆ టైముకి దాని పొట్ట ఎలాగుందో ఎవ్వరం చూడం. చూడాలి. పొట్టలో మంచి బ్యాక్టీరియా ఉంటే అవి రక్షణ కణాల్ని ఎప్పటికప్పుడు తట్టి లేపుతుంటాయి, టీకా పడ్డాక రోగంతో పోరాడే యాంటీబాడీలు తయారవడానికి అది సాయం. 2019లో అమెరికాలో పెద్దవాళ్ళకి ఐదు రోజులు పొట్టలో బ్యాక్టీరియాని చంపే యాంటీబయాటిక్స్ ఇచ్చి ఫ్లూ టీకా వేస్తే, అంతకుముందు ఫ్లూ యాంటీబాడీలు తక్కువున్న వాళ్ళలో టీకా సరిగ్గా పట్టలేదు.

అందుకే ముందు యాంటీబయాటిక్ సంగతి. మా చెల్లి కొడుక్కి ముక్కు కారుతోందని చెప్పగానే ఒక మందుల షాపులో యాంటీబయాటిక్ పొడి సీసా ఇచ్చీసేరు, బాణం గుర్తు దాకా నీళ్ళు పోసి రెండ్రోజులు పట్టేక డాక్టరమ్మ చూసి ఒట్టి జలుబే, ఆపీండి అంది. మిగిలిన సగం సీసా ఫ్రిజ్ డోర్లో ఉండిపోయింది, మళ్ళీ నెలకి దగ్గొస్తే అదే తీసింది మా పిన్ని, నేను లాక్కుని పారబోసేను. కలిపిన మందు అన్నాళ్ళు ఉండదు కూడా. డాక్టరే చూసి రాస్తే మాత్రం మానకండి, చెప్పినన్ని రోజులూ పట్టండి.

రెండోది తల్లిపాలు. ఆర్నెల్లు అవే, ఉగ్గుగిన్నెలో ఆముదం వద్దు, తేనె అసలొద్దు. తల్లిపాలల్లో పిల్ల అరిగించుకోలేని చక్కెరలు కొన్ని ఉంటాయి, అవి బిఫిడో అనే మంచి బ్యాక్టీరియాకి తిండి, అంటే అమ్మ పిల్లకే కాదు పొట్టలో వాటిక్కూడా పెడుతున్నట్టే. నోట్లో వేసే చుక్కల టీకాకి ముందూ వెనకా పాలు ఆపాలంటారు గానీ అక్కర్లేదు.

పిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి నోట్లో వేసే టీకా 2016లో దేశంలో మొదట మొదలెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రా ఒకటి. మన దేశంలో ట్రయల్స్‌లో మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాల్ని సగానికి పైగా ఆపింది, డబ్బున్న దేశాల్లో ఇలాంటి టీకాలు ఇంకా బాగా పనిచేస్తాయి, ఆ తేడాకి పొట్టలో బ్యాక్టీరియా కూడా ఒక కారణం అయ్యుండొచ్చంటున్నారు. అలాగని మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ ప్యాకెట్లు కొనీకండి, వేలూరులో పసిపిల్లలకి ఇచ్చి చూస్తే టీకా పట్టడంలో పెద్ద లాభం కనపళ్ళేదు.

యాంటీబయాటిక్ పట్టేం కదా అని టీకా వాయిదా మాత్రం వెయ్యకండమ్మా, ఆలస్యమైతే నష్టం ఎక్కువ. ఏ మందు, ఏ తారీకు నుంచి పట్టేరో ఎంసీపీ కార్డులో (తల్లీపిల్లల టీకాల కార్డు) చీటీ పెట్టుకుని ఏఎన్‌ఎమ్‌ నర్సు గారికి చూపించండి.