ఖరీదైన స్పీకర్లను ఇంట్లో ఎలా అమర్చుకోవాలి?

మా హాల్లోకి స్పీకర్లు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒక్కొక్కటి 35 కిలోల పైనే. దించడానికి వచ్చిన కుర్రాళ్ళు వాటిని టీవీకి అటొకటి ఇటొకటి గోడకి ఆనించి నిలబెట్టారు. వైర్లు తగిలించి, ఒక పాట వేసి చూపించి వెళ్ళిపోయారు. షాపులో విన్నప్పుడు ఒళ్ళు పులకరించిన గొంతు మా ఇంట్లో కుండలోంచి మాట్లాడుతున్నట్టు వినిపించింది. డోలు కొడితే ఒకటే మోత. అంత డబ్బు పోసి కొన్నాక ఇలా అయ్యేసరికి వారం రోజులు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

స్పీకర్లలో ఏ లోపమూ లేదు. వాటిని పెట్టిన చోటే తప్పు. ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి, సాయంత్రం దాకా జరిపి జరిపి విన్నాక అవే స్పీకర్లు వేరే మనిషిలా పాడాయి. రూపాయి ఖర్చు కాలేదు. ఇంకా ఖరీదైన ఆంప్లిఫయర్ కొనాలనో, వైర్లు మార్చాలనో ఆలోచించే ముందు ఒక రోజు ఈ పనికి కేటాయించమని నా మనవి. ఒక కొలత టేపు, కాస్త పురికొస, మాస్కింగ్ టేప్, ఒక అద్దం, సాయానికి ఒక మనిషి ఉంటే చాలు.

ముందు గదిని కొలవండి

గది పొడవు, వెడల్పు, ఎత్తు కాగితం మీద రాసుకోండి. మా హాలు పొడవు 16 అడుగులు, వెడల్పు 12, ఎత్తు దాదాపు 10. ఈ మూడు అంకెలే ఆ గదిలో బేస్, అంటే డోలు మోతలాంటి కింది స్వరం, ఎలా ఉంటుందో చాలావరకు నిర్ణయిస్తాయి.

శబ్దం గాలిలో సెకనుకి సుమారు 1,130 అడుగులు వెళ్తుంది. రెండు గోడల మధ్య దూరానికి రెట్టింపు తీసుకుని, ఆ అంకెతో 1,130ని భాగిస్తే ఆ గది ఏ స్వరం దగ్గర మోగుతుందో తెలుస్తుంది. 16 అడుగులకి 35 హెర్ట్జ్ (సెకనుకి 35 కంపనాలు), 12 అడుగులకి 47, 10 అడుగులకి 56 వస్తాయి. ఆ స్వరాలు వచ్చినప్పుడు గదిలో కొన్ని చోట్ల మోత రెట్టింపవుతుంది, కొన్ని చోట్ల దాదాపు మాయమవుతుంది. పొడవూ వెడల్పూ సమానంగా ఉన్న చదరపు గదిలో రెండు మోతలూ ఒకే స్వరం మీద పడతాయి కాబట్టి అక్కడ బేస్‌ని దారికి తేవడం కష్టం. మీ ఇంట్లో రెండు గదులుంటే చదరంగా లేనిదాన్నే ఎంచుకోండి.

గది నిలువుగా ఉంటే స్పీకర్లని పొట్టి గోడ వైపు పెట్టి, పొడవు వైపుగా వినడం మేలు. అప్పుడు మీ వెనకాల, స్పీకర్ల వెనకాల ఖాళీ మిగులుతుంది.

వైర్ల దగ్గర తొందరపడొద్దు

ఆంప్లిఫయర్ ఆపేసి ఉండగానే వైర్లు బిగించండి. ఎర్ర టెర్మినల్ నుంచి ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ఒక స్పీకర్‌కి ఇవి తారుమారైతే ఒక వూఫర్ (బేస్ పలికించే పెద్ద గుండ్రటి భాగం) ముందుకి తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ పలచబడిపోతుంది, గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. గదిని తిట్టుకునే సందర్భాల్లో ఒక్కోసారి అసలు కారణం ఇదే. సాధారణ దూరాలకి 2.5 చదరపు మిల్లీమీటర్ల మంచి రాగి వైరు చాలు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే పాట ఆపినా గుయ్‌మని హమ్ వస్తుంది. అది ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాల్సిన విషయం.

ముందు మీ కుర్చీ, తర్వాత స్పీకర్లు

అందరూ స్పీకర్లతో మొదలుపెడతారు. నేను మాత్రం కుర్చీతో మొదలుపెట్టమంటాను. మన ఇళ్ళలో సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. అక్కడ తల పెట్టి కూర్చుంటే బేస్ అంతా పోగుపడి చెవుల్ని నింపేస్తుంది. గది సరిగ్గా మధ్యలో కూర్చుంటే దానికి వ్యతిరేకం, ఆ 35 హెర్ట్జ్ స్వరం మాయమైపోతుంది. రెండూ వద్దు. గది పొడవులో దాదాపు 38 శాతం దూరం మీ వెనక గోడ నుంచి వదలండి. 16 అడుగుల గదిలో అది 6 అడుగులు. అక్కడ కుర్చీ వేసి, నేల మీద మాస్కింగ్ టేప్‌తో గుర్తు పెట్టండి. అన్ని అడుగులు వదలడం కుదరకపోతే కనీసం రెండు మూడు అడుగులైనా ముందుకి జరగండి. పాట వినే గంటసేపు సోఫా వదిలి కుర్చీలో కూర్చున్నా తప్పులేదు.

ఇక స్పీకర్లు. రెంటి మధ్య ఎంత దూరం ఉందో, ఒక్కొక్కదానికీ మీకూ మధ్య కూడా దాదాపు అంతే దూరం ఉండాలి. అంటే సమబాహు త్రిభుజం. రెండే స్పీకర్లతో వాటి మధ్య ఖాళీలో కూడా శబ్దం వినిపించేలా చేయవచ్చని 1931లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన బ్రిటిష్ ఇంజనీర్ అలన్ బ్లమ్‌లైన్ కాలం నుంచి స్టీరియో మొత్తం ఈ ఆకారం మీదే నిలబడింది.

మొదట ఎక్కడ పెట్టాలో తోచనివాళ్ళకి ఆడియో కేబుళ్ళు తయారుచేసే జార్జ్ కార్డాస్ చెప్పిన లెక్క మంచి ఆరంభం. గది వెడల్పుని 0.276తో గుణిస్తే పక్క గోడకీ వూఫర్ మధ్య భాగానికీ ఉండాల్సిన దూరం, 0.447తో గుణిస్తే స్పీకర్ల వెనక ఉన్న గోడ నుంచి ఉండాల్సిన దూరం వస్తాయి. మా 12 అడుగుల వెడల్పుకి అవి 3.3 అడుగులు, 5.4 అడుగులు. అలా పెట్టి త్రిభుజం గీస్తే కుర్చీ సరిగ్గా నేను ముందు గుర్తు పెట్టిన చోటికే వచ్చింది. నాకు అప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ తలుచుకుంటాను.

కానీ హాలు మధ్యలోకి 5.4 అడుగులు చొచ్చుకొచ్చిన స్పీకర్లతో ఇంట్లోవాళ్ళు ఎలా నడుస్తారు? మా ఇంట్లో అది కుదరలేదు. స్పీకర్ల వెనక గోడ నుంచి 4 అడుగుల 2 అంగుళాలు, పక్క గోడల నుంచి 3 అడుగుల దగ్గర సర్దుకున్నాం.

గోడకి దూరం ఎందుకింత ముఖ్యమో ఒక్క మాట చెప్తాను. బేస్ స్పీకర్ ముందుకే కాదు, అన్ని వైపులకీ వెళ్తుంది. వెనక్కి వెళ్ళినది గోడకి తగిలి తిరిగొచ్చి, ముందుకి వెళ్తున్న దానితో కలుస్తుంది. స్పీకర్ గోడకి 3 అడుగుల్లో ఉంటే ఆ శబ్దం 6 అడుగులు ఎక్కువ తిరిగొస్తుంది. 94 హెర్ట్జ్ దగ్గర ఆ 6 అడుగులు సరిగ్గా సగం అల. ఒకటి పైకి లేస్తుంటే రెండోది కిందికి దిగుతూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఆ స్వరం దగ్గర శబ్దంలో గుంట పడుతుంది. 2 అడుగుల్లో ఉంటే ఆ గుంట 141 హెర్ట్జ్‌కి జరుగుతుంది. అంటే మగ గొంతులోని నిండుదనం ఉండే చోటికి. అందుకే గోడకి దగ్గరైన కొద్దీ కింది మోత పెరుగుతుంది, గొంతు మాత్రం డొల్లగా అవుతుంది. మా ఇంట్లో మొదటి రోజు జరిగింది అదే. ఇంకో జాగ్రత్త, స్పీకర్ల వెనక గోడకీ పక్క గోడకీ దూరాలు ఒకటే కాకుండా చూడండి. సమానమైతే రెండు గుంటలూ ఒకే స్వరం మీద పడతాయి.

కొన్ని స్పీకర్లకి ఈ సూత్రం వర్తించదు. 1946లో పాల్ క్లిప్ష్ తయారుచేసిన క్లిప్ష్‌హార్న్ అనే స్పీకర్ గది మూలలోనే ఉండేలా రూపొందింది. మీ స్పీకర్‌తో వచ్చిన పుస్తకం ముందు చదవండి.

పాత మోనో పాట ఒకటి వేయండి

ఈ పనికి మన తెలుగువాళ్ళ దగ్గర గొప్ప సాధనం ఉంది. 1950లు, 60లలో ఘంటసాల పాడిన సినిమా పాటలు మోనోలో రికార్డయ్యాయి. అంటే రెండు స్పీకర్లలోనూ అచ్చంగా ఒకే శబ్దం వస్తుంది. అమరిక సరిగ్గా ఉంటే ఆయన గొంతు రెండు స్పీకర్ల నుంచీ రాదు. వాటి నడుమ ఖాళీలో, మనిషి నిలబడి పాడుతున్నట్టు ఒకే చోటి నుంచి వస్తుంది. కళ్ళు మూసుకుని వేలితో చూపించగలగాలి. అయితే తర్వాతి కాలంలో కృత్రిమంగా స్టీరియో చేసిన, ఎకో కలిపిన కాపీలు ఈ పరీక్షకి పనికిరావు.

గొంతు ఒక పక్కకి లాగితే ముందు దూరాలు చూడండి. కుర్చీలో తల ఉండే చోట పురికొస పట్టుకోమని ఇంకొకరికి చెప్పి, ఒక ట్వీటర్ (సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం) దాకా లాగి ముడి వేసి, అదే తాడుని రెండో ట్వీటర్‌కి తీసుకెళ్ళండి. ముడి అర అంగుళం కూడా అటూ ఇటూ కాకూడదు. సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ తేడాకే చెవి గొంతుని దగ్గరి స్పీకర్ వైపు జరిపేస్తుంది. శబ్దం ఒక అడుగు వెళ్ళడానికి పట్టే సమయం కూడా దాదాపు అంతే.

దూరాలు సమానమైనా లాగుతోందంటే గోడలు సమానంగా లేవన్నమాట. మా హాలుకి ఒక పక్క బాల్కనీ గాజు తలుపు, ఇంకో పక్క డైనింగ్ వైపు ఖాళీ. చాలా అపార్ట్‌మెంట్లలో ఇదే పరిస్థితి. గాజుకి తగిలిన శబ్దం తిరిగొస్తుంది, ఖాళీలోకి వెళ్ళినది తిరిగిరాదు. అందుకని గొంతు గాజు వైపుకి ఒరిగిపోతుంది. వినేటప్పుడు గాజు మీద మందపాటి కర్టెన్ పూర్తిగా లాగాక మా ఇంట్లో గొంతు మధ్యకి వచ్చింది.

ఆ తర్వాత స్పీకర్లని లోపలికి తిప్పడం. మొదట రెండూ సూటిగా ముందుకి చూసేలా పెట్టి వినండి. గొంతు వెడల్పుగా, పలచగా ఉంటుంది. కొంచెం కొంచెంగా మీ వైపు తిప్పుతూ పోండి, గొంతు చిక్కబడుతుంది. కుర్చీలోంచి చూస్తే రెండు పెట్టెల లోపలి పక్కలు సన్నటి గీతలా కనబడేంత వరకు తిప్పితే ట్వీటర్ల చూపు మీ తల వెనక కలుస్తుంది. చాలా స్పీకర్లకి అక్కడే బాగుంటుంది. ఆ గీత కూడా కనబడకపోతే చూపు నేరుగా మీ మీదే ఉన్నట్టు. అప్పుడు ‘స’, ‘శ’ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటే కాస్త వెనక్కి తిప్పండి.

ట్వీటర్ ఎత్తు మీ చెవి ఎత్తుకి రావాలి. కుర్చీలో కూర్చుంటే అది సాధారణంగా 36 నుంచి 40 అంగుళాలు. చిన్న స్పీకర్లైతే ఆ ఎత్తుకి సరిపోయే బరువైన స్టాండ్ తీసుకోండి. టీవీ బల్ల మీదో అల్మరాలోనో పెట్టొద్దు.

బేస్ కోసం మృదంగం వినండి. తొప్పి (ఎడమ వైపు ముఖం) దెబ్బ, వలంతల (కుడి వైపు ముఖం) దెబ్బ విడివిడిగా తెలియాలి. తొప్పి మీద గుమికి (జారుతూ వచ్చే ‘గుమ్’ నాదం) సాగుతూ పోతే స్పీకర్లని ఒక్కో అంగుళం ముందుకి లాగుతూ వినండి. ఒకచోట ఆ గుమికి బిగుస్తుంది. అక్కడ ఆగి గుర్తు పెట్టండి. నా మధ్యాహ్నమంతా ఈ ఒక్క పనికే పోయింది, అయినా ఆ కాలం దండగ కాలేదు.

టైల్స్, గోడలు, మూలలు

హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి. వెనకాలే టింగ్‌మని రేకు మోగినట్టు వినిపిస్తే అది ఎదురెదురు గోడల మధ్య శబ్దం పరుగులు పెట్టడం. టైల్స్ నేల, ప్లాస్టర్ గోడలు, గాజు తలుపు ఉన్న మన హాళ్ళన్నీ ఇలాగే మోగుతాయి.

నేల మీద, మీకూ స్పీకర్లకీ మధ్య మందపాటి తివాచీ వేయండి. పలచటి చాప చాలదు. ఏలూరు ఉన్ని తివాచీల్లాంటి పోగులున్నవి ఇక్కడ బాగా పనికొస్తాయి. తర్వాత మీరు కుర్చీలో కూర్చుని, పక్క గోడ వెంట అద్దం జరపమని ఎవరికైనా చెప్పండి. అద్దంలో ఎక్కడ ట్వీటర్ కనిపిస్తుందో అక్కడే శబ్దం తగిలి మీ చెవికి వస్తోంది. అక్కడ పుస్తకాల బీరువా ఉంటే అదృష్టం, లేకపోతే మందపాటి కర్టెన్ లేదా 4 అంగుళాల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూదిలాంటి పదార్థం) ప్యానెల్. ఆ పక్క ప్రతిఫలనాలు పూర్తిగా చంపేయాల్సిన పనిలేదు. ఫ్లాయిడ్ టూల్ లాంటి పరిశోధకులు అవి కొంతవరకు శబ్దానికి వెడల్పునిస్తాయని, చాలామంది శ్రోతలకి నచ్చుతాయని చూపించారు. రెండు పక్కలా ఒకేలా ఉంటే చాలు.

గుడ్ల అట్టలు అతికించే పని పెట్టుకోవద్దు. వాటికి బేస్‌ని ఆపే శక్తి లేదు. ప్యానెళ్ళకి డబ్బు పెట్టే ముందు ఇంట్లో ఉన్న దూది పరుపులు చుట్టి స్పీకర్ల వెనక మూలల్లో రెండు రోజులు నిలబెట్టి వినండి. మోత తగ్గినట్టు అనిపిస్తే అప్పుడు కొనండి. స్పీకర్ల మధ్య టీవీ ఉంటే వినేటప్పుడు దాని మీద దుప్పటి కప్పి చూడండి. గొంతు వెనక లోతు పెరుగుతుంది.

సబ్‌వూఫర్ కూడా ఉన్నవాళ్ళు దాన్ని ముందు మీ కుర్చీ స్థానంలో పెట్టి పాట వేసి, గోడల వెంట మోకాళ్ళ మీద తిరగండి. బేస్ ఎక్కడ స్పష్టంగా వినిపిస్తే దాని చోటు అదే.

మేకు కాళ్ళు, చివరి గుర్తులు

స్థానం ఖాయమయ్యేదాకా మొనదేలిన కాళ్ళు బిగించొద్దు. పాత దుప్పటి మీద పెట్టి లాగుతూ జరపండి. టైల్‌కి గీత పడదు, ఒక్కరే జరపగలరు. ఎత్తాల్సి వస్తే మాత్రం ఇద్దరు ఉండాలి, ముందువైపు గుండ్రంగా ఉండే కోన్ల మీద చెయ్యి పడకూడదు. బిగించే ముందు ఆ టైల్‌ని నాణెంతో తట్టి చూడండి. బోలుగా మోగితే కింద సిమెంట్ సరిగ్గా పడలేదు, ఆ బరువుకి పగలొచ్చు. అలాంటి చోట మందపాటి గ్రానైట్ పలక వేసి దాని మీద స్పీకర్ పెట్టండి. నాలుగు కాళ్ళూ సమంగా ఆనాలి. పైన చెయ్యి పెట్టి ఊపితే కదలకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క విషయం రెండుసార్లు చూసుకోండి.

ఆఖరున స్పీకర్ నాలుగు మూలల దగ్గరా నేల మీద చిన్న టేప్ ముక్కలు అంటించండి. గోడల నుంచి దూరాలు, కుర్చీ దూరం ఒక కాగితం మీద రాసి ఆంప్లిఫయర్ కింద పెట్టండి. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు స్పీకర్లు ఎలాగూ జరుగుతాయి. ఆ కాగితం ఉంటే పది నిమిషాల్లో మళ్ళీ వాటి చోట్లలోకి వచ్చేస్తాయి.