గీత వణుకుతోందా? సున్నా కోడిగుడ్డవుతోందా?

పెన్సిల్ మార్చే ముందు, ఖరీదైన కాగితం కొనే ముందు, చెయ్యి బల్లకి ఎక్కడ ఆనుతోందో చూసుకోండి. అందరూ దాటేసేది ఇదే.

సమస్య: పొడవు గీత ఎప్పుడూ ఒకవైపుకే వంగుతోంది

మణికట్టు ఆనించి గీస్తున్నారన్నమాట. అది ఒకచోట ఆగి చెయ్యి తిరిగితే మొన చాపంలోనే పోతుంది, ఎంత జాగ్రత్తపడ్డా అంతే. 4 సెం.మీ. దాటిన ఏ గీతకైనా మణికట్టు, మోచెయ్యి రెండూ లేపి భుజం నుంచి లాగండి. చిటికెన వేలి గోరు మాత్రం కాగితాన్ని తాకుతూ జారితే చాలు.

సమస్య: గీత వణుకుతోంది, ముక్కలు ముక్కలుగా వస్తోంది

మరీ నెమ్మదిగా, కళ్లు మొన మీదే పెట్టి గీస్తున్నారు. 10 సెం.మీ. దూరంలో రెండు చుక్కలు పెట్టండి. మొన తాకించకుండా ఆ దారిలో రెండు మూడుసార్లు చెయ్యి ఆడించండి. చూపు చివరి చుక్క మీద నిలిపి ఒక్క ఊపులో గీసేయండి. చుక్క దాటిపోయినా మొదట్లో ఫరవాలేదు. తప్పిన గీత మీద మళ్లీ గీయొద్దు, పక్కన కొత్తది గీయండి.

సమస్య: గీసేటప్పుడు గుండ్రంగానే ఉంది, కాగితం ఎత్తి చూస్తే నిలువుగా సాగింది

చాలామందిని నెలల తరబడి తిప్పలు పెట్టేది ఇదే. చేతిదే తప్పనుకుని పేజీలకు పేజీలు సున్నాలు చుడతారు, ఆ సాగుడే అలవాటైపోతుంది. తప్పు చేతిది కాదు, బల్ల మీద పడుకున్న కాగితానిది. దాన్ని మనం ఏటవాలుగా చూస్తాం కాబట్టి నిలువు కొలత ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తుంది. కంటికి సరిపోయేలా చెయ్యి దాన్ని సాగదీస్తుంది. దూరంగా ఉన్న పై అంచు చిన్నగా కనిపిస్తుంది కాబట్టి పెద్ద బొమ్మల్లో పైభాగం ఉబ్బుతుంది కూడా. కూర్చున్న చోటి నుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది, అందుకే దొరకదు.

పరీక్ష: స్కేలు లేకుండా 8 సెం.మీ. చతురస్రం ఒకటి బల్ల మీద, ఇంకొకటి ఏటవాలుగా లేపిన బోర్డు మీద గీసి, రెండూ కొలవండి. మొదటిది మాత్రమే పొడుగైతే కారణం దొరికినట్టే. రెండూ పొడుగైతే కంటి అంచనా లోపం: వెడల్పును పెన్సిల్ మీద బొటనవేలితో పట్టి, అదే కొలత నిలువుకి పెట్టి సరిచూసుకుంటూ గీయండి.

పరిష్కారం: బోర్డు కింది అంచు జారకుండా ఆపి, పై అంచు కింద పుస్తకాలు పెట్టండి. 40 సెం.మీ. బోర్డుకి పై అంచు 20 సెం.మీ. లేస్తే 30 డిగ్రీల వాలు వస్తుంది, అక్కడ మొదలుపెట్టండి. ఇప్పుడు కాగితం మధ్యలో పెన్సిల్‌ని కాగితానికి లంబంగా నిలబెట్టి ఒక కన్ను మూసి చూడండి. పెన్సిల్ పొడవు కనబడుతుంటే వాలు ఇంకా చాలలేదు. పై కొన మాత్రమే కనబడితే సరిపోయింది. ట్యాబ్లెట్ మీద గీసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. బోర్డు లేకపోతే గీసిన ప్రతిసారీ లేచి, కాగితానికి నేరుగా పైనుంచి చూడండి.

సున్నా మొదలు, చివర కలవకపోతే ఆపకుండా రెండు చుట్లు చుట్టండి, అంతే.

కాగితం గరుకు, పెన్సిల్ గట్టిదనం వల్ల గీత చెడటం అరుదు. హెచ్‌బీ చాలు. గ్లాసు పట్టుకున్నా చెయ్యి వణుకుతుంటే మాత్రం అది డాక్టరుకి చూపించాల్సిన విషయం.