పడమటి గోడ సంగతి ముందు చూడండి

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు గోడలన్నిటికీ ఒకే లెక్క వేయకండి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా కాగేది పడమటి గోడే, ఆ వేడి రాత్రికి గదిలోకి దిగుతుంది. ఆ ఒక్క వైపైనా 8 అంగుళాల ఏఏసీ బ్లాకు (తేలికపాటి సిమెంటు బ్లాకు) పెట్టించండి. లోపలంతా సన్నటి గాలి బుడగలే కాబట్టి ఎర్ర ఇటుక కంటే వేడిని చాలా తక్కువ లాగుతుంది. 4 అంగుళాలది లోపలి గోడలకు చాలు.

ఇటుకే కావాలంటే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టించండి. ఇటుకలను అంచు మీద నిలబెట్టి, మధ్యలో సుమారు 3 అంగుళాల ఖాళీ వదులుతారు; వేడిని ఆపేది ఆ ఖాళీలోని గాలే. మేస్త్రీ పక్కనే నిలబడి, ఆ ఖాళీలో సిమెంటు మాలు పడకుండా చూసుకోండి.

బ్లాకు గోడ పిల్లర్‌ను, బీమును కలిసేచోట ప్లాస్టరింగ్‌కు ముందే చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగల వల) కొట్టించడం మాత్రం మరవద్దు. లేకపోతే ఆ అతుకు దగ్గర పగుళ్లు వస్తాయి. ఆ పగులులోంచి వాన నీళ్లు దిగి బ్లాకు తడిస్తే అది వేడిని అంతగా ఆపలేదు.