అరుగు మీది చదరంగం నుంచి పోటీ బల్ల వరకు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చదరంగం చాలామందికి బడిలో కాక ఇంటి అరుగు మీదనే అబ్బుతుంది. నాకు మా తాత నేర్పాడు. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న ఆయనకు బంటు ప్యాదా, మంత్రి వజీరు. ఆయన నేర్పిన ఆటతోనే మొదటిసారి ఒక పోటీకి వెళ్లి, చిక్కులో పడ్డప్పుడు నా రాజును గుర్రంలా ఒక్కసారి దూకించాను. ఆర్బిటర్ (పోటీ న్యాయనిర్ణేత) ఆ ఎత్తును రద్దు చేసి, ఎదుటి ఆటగాడి గడియారానికి 2 నిమిషాలు అదనంగా ఇచ్చాడు. తాకిన రాజునే కదపాలి గనుక రాజు ఒక గడి పక్కకు జరగాల్సి వచ్చింది, దానితో కాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదపడం) చేసే హక్కు కూడా పోయింది. తాత తప్పు నేర్పాడని ఆ రోజు ఏడ్చాను. ఆయన నేర్పింది తప్పు కాదనీ, మన దేశపు పాత పద్ధతి అనీ చాలా కాలం తర్వాత గాని తెలియలేదు. పెద్దల దగ్గర నేర్చుకుని పోటీకి వెళ్లబోయే పిల్లలకు ఆ దుఃఖం కలగకూడదని ఇది రాస్తున్నాను.

ముందు బల్లను సరిచూసుకోండి. మీ కుడిచేతి వైపు మూల గడి తెల్లది కావాలి. తెల్ల మంత్రి తెల్ల గడిలో, నల్ల మంత్రి నల్ల గడిలో నిలబడాలి. అప్పుడు రాజుకు రాజు, మంత్రికి మంత్రి ఎదురెదురుగా ఉంటాయి. పాత దేశవాళీ ఆటలో రాజుకు ఎదురుగా మంత్రిని నిలిపే అలవాటు ఉండేది కాబట్టి, ఇంట్లో అలా నేర్చుకున్నవారు మొదటి ఎత్తుకు ముందే పొరబడతారు.

అసలైన తేడా బంటుతో మొదలవుతుంది. పాత పద్ధతిలో బంటు సాధారణంగా ఒక్కో గడే నడిచేది, అందుకే రెండు సైన్యాలు ఎదురుపడడానికి చాలా ఎత్తులు పట్టేవి. అంతర్జాతీయ నియమాల్లో ప్రతి బంటూ తన మొదటి ఎత్తులో, కావాలనుకుంటే, రెండు గడులు వెళ్లవచ్చు. అలా రెండు గడులు దాటి మీ బంటు పక్కనే వచ్చి నిలిచిన శత్రు బంటును, అది ఒక్క గడే నడిచిందన్నట్టుగా భావించి, మీ బంటు ఐమూలగా చంపవచ్చు. దీన్ని ఎన్‌పాసాంట్ అంటారు. దాన్ని వెంటనే వచ్చే ఎత్తులోనే చేయాలి, ఒక్క ఎత్తు ఆలస్యమైనా ఆ హక్కు ఉండదు. రెండు గడుల దూకుడుతో బంటు శత్రు బంటు కన్నుగప్పి జారిపోకుండా ఉండడానికే ఈ నియమం పుట్టింది. ఇది తెలియని పిల్లవాడికి ఎదుటివాడు మోసం చేసినట్టే కనిపిస్తుంది, అందుకే ఇంట్లో పది సార్లయినా బల్ల మీద పెట్టి చూపించండి.

బంటు చివరి అడ్డ వరుసకు చేరినప్పుడు కూడా తేడా ఉంది. అది ఏ నిలువు వరుసలో చేరితే ఆ వరుసకు మొదట చెందిన పావుగానే మారాలని పాత నియమం. ఇప్పుడు మంత్రి, ఏనుగు, ఒంటె, గుర్రాల్లో దేనినైనా ఎంచుకోవచ్చు. మీ మంత్రి బతికే ఉన్నా రెండో మంత్రిని తెచ్చుకోవచ్చు.

రాజు గుర్రపు దూకుడు స్థానంలో వచ్చినది కాస్లింగ్. రాజు ఏనుగు వైపు రెండు గడులు జరుగుతుంది, ఏనుగు రాజును దాటి పక్కన నిలుస్తుంది. ఆ రాజూ ఆ ఏనుగూ అంతవరకు కదిలి ఉండకూడదు, మధ్యలో ఏ పావూ ఉండకూడదు, రాజుకు చెక్ ఉండగానో, శత్రువు కాపలా కాస్తున్న గడిని దాటుతూనో, అటువంటి గడిలో దిగుతూనో చేయకూడదు. ఏనుగు మీద దాడి ఉంటే మాత్రం అడ్డు లేదు. ముందుగా రాజునే పట్టుకోండి. ఏనుగును ముందు తాకితే దానినే కదపవలసి వస్తుంది. పావును గడిలో సరిగా నిలపడానికి మాత్రమే తాకుతున్నట్లయితే, తాకకముందే ‘సర్దుతున్నాను’ అని చెప్పాలి. ఎత్తు వేసిన చేతితోనే గడియారం నొక్కాలి.

నియమాలు మారినందువల్ల ఆట వేగం కూడా మారింది. మధ్య గడులు తొందరగా తెరుచుకుంటాయి కాబట్టి, మొదటి పది ఎత్తుల్లోపు గుర్రాలనూ ఒంటెలనూ బయటికి తెచ్చి కాస్లింగ్ చేయడం మంచిది. గడుల పేర్లలో అక్షరం నిలువు వరుసను (తెల్లవారి ఎడమ నుంచి ఎ–హెచ్), అంకె అడ్డ వరుసను (తెల్లవారి వైపు నుంచి 1–8) చెబుతుంది. బడి పోటీల్లో నల్ల పావులతో ఆడే కొత్త ఆటగాళ్లు ఎక్కువగా ఓడేది ఎఫ్7 గడిలోనే, ఎందుకంటే మొదట్లో దానికి రాజు తప్ప వేరే కాపలా ఉండదు. తెల్లవారు ఇ4 ఆడితే మీరు ఇ5 ఆడారనుకోండి. వారు మంత్రిని హెచ్5కు తెస్తే గుర్రాన్ని సి6కు తెచ్చి ఇ5 బంటును కాపాడండి. వారి ఒంటె సి4కు వచ్చిన వెంటనే రెండో గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే తర్వాతి ఎత్తులో ఎఫ్7 దగ్గర చెక్‌మేట్ అయిపోతుంది. అక్కడ జి6 ఆడి మంత్రిని తరమాలి. అది ఎఫ్3కు వెళ్లి మళ్లీ ఎఫ్7ను చూస్తే, అప్పుడు గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి దారి మూయాలి.

దేశవాళీ ఆట నేర్చినవారు తమను తాము తక్కువగా అనుకోవలసిన పని లేదు. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ పాత భారతీయ నియమాలతోనే పెరిగి, 1929లో లండన్ వెళ్లి, అదే ఏడాది బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933లో మళ్లీ గెలిచాడు, మధ్యలో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకానూ ఓడించాడు. ఆరంభపు ఎత్తుల్లో ఆయన తడబడేవాడు గాని, పావులు తగ్గిన కొద్దీ ఆయన బలం పెరిగేది. 2024లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది. అదే ఏడాది మన వరంగల్ యువకుడు అర్జున్ ఇరిగేసి 2800 రేటింగ్‌ను (ఆటగాడి బలాన్ని కొలిచే అంకె) దాటాడు, దేశాల జట్లు తలపడే బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో నిలిచాడు.

కాబట్టి మీకు ఉన్న బలాన్ని ముగింపు ఆటలో పదును పెట్టుకోండి, ఓపెనింగ్ పుస్తకాలకు తర్వాత సమయం దొరుకుతుంది. బల్ల మీద తెల్ల రాజును ఇ6లో, తెల్ల బంటును ఇ5లో, నల్ల రాజును ఇ8లో పెట్టండి. ఎత్తు ఎవరిదైనా తెల్లవారే గెలుస్తారు. నల్లవారు కదపవలసి వచ్చి డి8కు వెళితే, తెల్ల రాజు ఎఫ్7కు చేరి బంటుకు దారి కాస్తుంది. ఎత్తు తెల్లవారిదైతే రాజును డి6కు తేవాలి. నల్ల రాజు డి8కు ఎదురువస్తే బంటు ఇ6కు, నల్ల రాజు ఇ8కు వెళితే బంటు ఇ7కు, నల్ల రాజు ఎఫ్7కు జరిగితే తెల్ల రాజు డి7కు.

ఇప్పుడు తెల్ల రాజును ఇ6లో, బంటును ఇ7లో, నల్ల రాజును ఇ8లో పెట్టి, ఎత్తు నల్లవారికి ఇవ్వండి. చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. ఇది స్టేల్‌మేట్, అంటే డ్రా. గెలిచే ఆట చేజారినట్టే. బంటును ముందుకు నెట్టే ముందు ఎదుటి రాజుకు తర్వాత ఏ గడి మిగులుతుందో వేలితో లెక్కించే అలవాటు పిల్లలకు బల్ల మీది ఈ రెండు అమరికలతోనే చేయించండి, రోజుకు పావుగంట చాలు.