వెనక టైర్లు జారుతున్నాయా? ట్రాక్టర్‌కు నీళ్ల బరువు ఎప్పుడు, ఎంత

చెల్కలో (ఇసుకపాలు ఎక్కువున్న మెట్ట నేలలో) నాగలి దిగగానే చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి

బరువు చాలట్లేదని వెంటనే అనుకోవద్దు. టైరు పళ్లు అరిగినా, నాగలి మరీ లోతుకు దిగినా ఇంతే. అవి బాగుంటే జారుడు కొలవండి. టైరుకు సుద్ద గీత పెట్టి, నాగలి ఎత్తి 10 చుట్ల దూరం, అదే చేనులో దున్నుతూ 10 చుట్ల దూరం చూడాలి. 13.6-28 సైజు టైరుకు ఎత్తినప్పుడు సుమారు 40 మీటర్లు వస్తుంది. దున్నేటప్పుడు 35 వస్తే పన్నెండున్నర శాతం జారుడు. దుక్కిలో 15 శాతం దాకా పర్వాలేదు. 30 మీటర్లే వచ్చిందంటే నాలుగు చుట్లలో ఒకటి వృథా. అప్పుడే బరువు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపాలి.

జాకీతో ఎత్తి, వాల్వును పైకి తిప్పి, దాని లోపలి పిన్ను తీసి పైపు పెట్టండి. మధ్యమధ్య పైపు తీసి గాలి పోనివ్వాలి. వాల్వులోంచి నీళ్లు బయటికొస్తే 75 శాతం నిండినట్టే. ఈ సైజు టైరుకు సుమారు 200 లీటర్లు, అంటే 200 కిలోలు. ఆపై గాలి కొట్టాలి. లోపల గాలికి చోటు తక్కువ కాబట్టి కొద్దిగా లీకైనా ప్రెషర్ గబుక్కున పడిపోతుంది, తరచూ చూస్తుండాలి. రెండు వైపులా సమానంగా నింపాలి. చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. మనకెందుకు, తుప్పు పట్టిస్తుంది.

ముందు చక్రాలు లేస్తున్నాయి, స్టీరింగ్ తేలిపోతోంది

వెనక నీళ్లు దీనికి మందు కాదు. బరువైన రోటవేటర్ తగిలిస్తే ముందు బంపర్‌కు ఇనుప వెయిట్లు బిగించాలి, పని అయ్యాక తీసేయాలి. ట్రాలీతో గట్టు ఎక్కేటప్పుడు లేస్తుంటే హుక్కు చూడండి. కింది హుక్కుకు కాకుండా టాప్ లింకు (నాగలిని పట్టుకునే పై కడ్డీ) దగ్గర గొలుసు కట్టి లాగితే బండి వెనక్కి పల్టీ కొడుతుంది.

ఇంజన్ గుంజలేక ఆగుతోంది, డీజిల్ ఎక్కువ తాగుతోంది

వెనక టైరు అచ్చు చూడండి. పళ్ల ముద్ర చెక్కినట్టు స్పష్టంగా ఉండి, జారుడు 8 శాతంలోపే ఉంటే బరువు ఎక్కువైంది. కొంత జారాల్సిన చక్రం జారకపోతే ఆ దెబ్బ క్లచ్చు, గేర్ల మీద పడుతుంది. నల్లరేగడైతే నేల కూడా గట్టిపడుతుంది. వెయిట్లు ఉంటే ముందు అవి తీయండి, తర్వాత నీళ్లు.

కరిగెటలో (వరి నాటుకు దున్నే బురద మడిలో) బండి దిగబడుతోంది

మిర్యాలగూడ, హాలియా సాగర్ ఆయకట్టులో ఇది మామూలే. కేజ్ వీల్స్ (బురదలో నడిచే ఇనుప చక్రాలు) బిగించే ముందే నీళ్లు వదలాలి. వాల్వు కిందికి తిప్పి పిన్ను తీస్తే చాలావరకు పోతాయి, అడుగున కొన్ని మిగులుతాయి. తర్వాత మళ్లీ గాలి నింపండి.